సముద్రంలో మంచె



శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో రాత్రిపూట మన చేలవైపు పోతే అక్కడక్కడా మంచెలు కనిపిస్తాయి. నాలుగు గుంజలు, పైన అడ్డకొయ్యలు, వాటి మీద ఒక గోనెపట్టా. పైన ఒక మనిషి, చేతిలో టార్చిలైటు, పక్కన కొట్టడానికి ఒక ఖాళీ డబ్బా. అడవిపంది గట్టు దాటకముందే అతను కనిపెట్టాలి, డబ్బా కొట్టాలి, కేక వెయ్యాలి. తెల్లారితే దిగి ఇంటికి పోతాడు. ఆ రాత్రి ఏమీ జరగలేదంటే అతని పని బాగా జరిగినట్టు. పంట ఇంటికొచ్చాక బస్తాల లెక్క అందరూ చెప్పుకుంటారు. కావలి కాసిన రాత్రుల లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ పూట నేను మీకొక ఓడ కథ చెబుతాను. అనంతపురంలో కూర్చుని ఓడ కథేమిటని మీరు నవ్వుకోవచ్చు. సముద్రం మనకు ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరం. వానల లెక్కలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత మనమేనని చెప్పుకునే జిల్లా మనది. "సముద్రమంటే ఎంతుంటాది నాయనా, బుక్కపట్నం చెరువు నిండినప్పటంత ఉంటాదా?" అని మా ఊళ్లో ఒక అవ్వ అడిగేది. ఏడాదిలో ఒక్కసారి చెరువు నిండితే పండగ చేసుకునే మనిషి సముద్రాన్ని కొలవడానికి తనకు తెలిసిన కొలతే తీసుకుంది. నేనూ ఆ అవ్వ దారిలోనే పోతాను. ఓడను మన మంచెతో కొలుస్తాను.

ఆ ఓడ పేరు హెచ్.ఎం.ఎస్. షా. రెండో ప్రపంచ యుద్ధంలో హిందూ మహాసముద్రంలో తిరిగిన ఎస్కార్ట్ క్యారియర్. అంటే సరుకు ఓడలకు తోడుపోయే చిన్న విమానవాహక నౌక.

తోడు ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే 1942కు పోవాలి. ఆ ఏడాది మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. బర్మా నుంచి మద్రాసు రాష్ట్రానికి ఏటా వచ్చే బియ్యం ఆగిపోయింది. జొన్నసంగటి, కొర్రన్నం తినే మన పల్లెలకు వరి బువ్వ ఎట్లాగూ పండగపూట మాటే గానీ, పట్నాల్లో పూటకూళ్ల ఇళ్ల నుంచి ఆస్పత్రుల దాకా గిన్నెలు తేలికైపోయాయి. రేషన్ అనే మాట ఇంటింటి మాట అయింది ఆ యుద్ధకాలంలోనే.

మరుసటి నెల, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా వేశాయి. ఆ విమానాలు వచ్చింది ఏ దేశపు నేల మీది నుంచో కాదు, బంగాళాఖాతంలోకి చొరబడిన ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీది నుంచి. ఆ కొద్ది రోజుల్లోనే మన తూర్పు తీరం వెంబడి ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. వాటికి తోడు లేదు. పైనుంచి చూసి హెచ్చరించే కన్ను లేదు. మద్రాసు జనం మూటాముల్లే సర్దుకుని లోపలి జిల్లాలకు తరలిపోయారు. తెలుగు నేల విమానవాహక నౌక అంటే ఏమిటో మొదటిసారి తెలుసుకున్నది అట్లా, దెబ్బ తిని.

మన ఊరికి యుద్ధం ఓడగా రాలేదు. బారులు తీరిన సైనిక భవనాలుగా వచ్చింది. 1946లో ఆరంభమై తర్వాత జె.ఎన్.టి.యు. కాలేజీగా పేరు మారిన మన ఇంజనీరింగ్ కాలేజీ, అనంతపురంలో మొదట తలదాచుకున్నది యుద్ధం అయిపోయాక మిగిలిన ఆ సైనిక భవనాల్లోనే. యుద్ధం కోసం కట్టినవాటిని శాంతి వచ్చాక ఇంకో పనికి వాడుకోవడం మనం కళ్లారా చూసినదే. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో దీనితో పని పడుతుంది.

ఇక ఓడ దగ్గరికి వద్దాం.

యుద్ధం ముదిరేసరికి పెద్ద విమానవాహక నౌకలు కట్టడానికి ఏళ్లు పడుతుందని, అంతకాలం ఆగలేమని బ్రిటన్‌కూ అమెరికాకూ అర్థమైంది. జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడలను వరసపెట్టి ముంచుతున్నాయి. అప్పుడొక సులువైన ఉపాయం తీశారు. సరుకు ఓడ కోసం రాసుకున్న కొలతలతోనే అడుగు భాగం కట్టి, పైన చదునుగా ఒక రన్‌వే పరిచారు. ఎద్దులబండికి పైకప్పు వేసి బస్సు అన్నట్టు. పొడవు దాదాపు 150 మీటర్లు. వేగం 18 నాట్లు, అంటే గంటకు 33 కిలోమీటర్లు. పెద్ద యుద్ధనౌకలు 30 నాట్లు పోతాయి. పట్టే విమానాలు ఇరవైకి కాస్త అటూఇటూ. అమెరికా నావికులు ఈ ఓడల మీద ఒక వేళాకోళం చెప్పుకునేవాళ్లు. సులువుగా అంటుకుంటాయి, సులువుగా దెబ్బ తింటాయి, పోయినా ఎవరూ ఏడవరు అని.

ఇట్లాంటి ఓడ ఒకటి అమెరికా పడమటి తీరంలో టకోమా అనే ఊళ్లో 1942 నవంబరు 13న మొదలైంది. అమెరికా దానికి జమైకా అని పేరు పెట్టింది. 1943 ఏప్రిల్ 21న నీళ్లలోకి దించారు. సెప్టెంబరు 27న, అరువుగా, బ్రిటన్ చేతికి ఇచ్చారు. బ్రిటన్ పేరు మార్చి షా అన్నది. ఆ తరగతి ఓడల్లో చాలావాటికి ఏలికల పేర్లే పెట్టారు. రాజా, రాణీ, బేగం, అమీర్, నాబాబ్, ఎంపరర్, ఎంప్రెస్. చాలా పేర్లు మన సంస్థానాల దర్బారుల్లో వినిపించేవి, కట్టింది అమెరికా కార్మికులు, ఎగిరింది బ్రిటన్ జెండా. ఏలిక పేరు పెట్టుకుని కాపలాదారు పని చెయ్యడం వాటి రాత.

1944లో షా హిందూ మహాసముద్రానికి వచ్చింది. కొలంబో, ట్రింకోమలీ దాని రేవులు. దాని మీద 851వ స్క్వాడ్రన్ అవెంజర్ విమానాలు ఉండేవి. ముగ్గురు మనుషులు ఎక్కే బరువైన విమానం అది. బాంబులు, పెట్రోలు నింపితే ఏడెనిమిది టన్నులు తూగుతుంది. దాన్ని ఆ పొట్టి రన్‌వే మీది నుంచి గాల్లోకి ఎట్లా లేపుతారు? ఓడను గాలికి ఎదురుగా తిప్పి పూర్తి వేగంతో నడుపుతారు. ఎదురుగాలి, ఓడ వేగం రెండూ కలిసి విమానం రెక్కలకు ఊతమిస్తాయి. కానీ భూమధ్యరేఖ దగ్గర సముద్రం కొన్ని రోజులు అద్దంలా ఉంటుంది. ఆకు కదిలేంత గాలి కూడా ఉండదు. అప్పుడు ఓడ ముందు భాగంలో ఉన్న ఒక యంత్రం ఆదుకుంటుంది. కెటపల్ట్ అంటారు. పని మాత్రం మన వడిసెల పనే. మంచె మీది కాపలాదారు వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలినట్టు, ఆ యంత్రం విమానాన్ని లాగి ఒక్క ఊపున గాల్లోకి విసురుతుంది. వడిసెల తెగితే మంచె మీద మనిషి ఉన్నా సగం లేనట్టే. ఈ ఓడకూ ఒకనాడు ఆ గతి పట్టింది. అది కాసేపట్లో చెబుతాను.

విమానం వల్ల లాభమేమిటి? ఓడ కొయ్య ఎక్కి ముప్పై మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సముద్రం మీద ఇరవై కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. అదే ఒక కిలోమీటరు ఎత్తుకు పోతే నూరు కిలోమీటర్లు దాటి కనిపిస్తుంది. మంచె ఎందుకు ఎత్తుగా కడతామో విమానం కూడా అందుకే. ఇక ఆ రోజుల్లో జలాంతర్గామి ఎప్పుడూ నీటి అడుగునే ఉండేది కాదు. బ్యాటరీలు నింపుకోవడానికి పైకి రావాలి. పైన ఉంటే జోరుగా పోతుంది, మునిగితే నడిచే మనిషిలా మెల్లగా పోతుంది. కాబట్టి ఆకాశంలో ఒక్క విమానం తిరుగుతున్నా చాలు, అది తల ఎత్తలేదు. తల ఎత్తకపోతే సరుకు ఓడలను తరిమి పట్టుకోలేదు. బాంబు వెయ్యకుండానే కావలి సగం పని అయిపోతుంది. డబ్బా మోతకే పంది మళ్లిపోయినట్టు.

1944 ఆగస్టు. ఆఫ్రికా తూర్పు తీరం వైపు యు-198 అనే జర్మన్ జలాంతర్గామి తిరుగుతోంది. ఆరో తేదీన ఎంపైర్ సిటీ, ఏడో తేదీన ఎంపైర్ డే అనే రెండు సరుకు ఓడలను ముంచింది. దాన్ని పట్టడానికి షా, బేగం అనే ఈ రెండు కాపలా ఓడలూ కొన్ని చిన్న యుద్ధనౌకలూ బయల్దేరాయి. పదో తేదీన షా నుంచి లేచిన అవెంజర్ ఒకటి దాన్ని కనిపెట్టి దాడి చేసింది. జలాంతర్గామి మునిగి తప్పించుకుంది. కానీ ఎక్కడుందో తెలిసిపోయింది. రెండు రోజులు వెతికారు. పన్నెండో తేదీన సీషెల్స్ దీవుల దగ్గర రెండు నౌకలు దాన్ని చుట్టుముట్టి, నీటి అడుగున పేలే బాంబులతో ముంచేశాయి. అందులోని 66 మందిలో ఒక్కరూ మిగల్లేదు. మునిగింది శత్రువే అయినా, 66 ఇళ్లకు ఆ వార్త చేరి ఉంటుందని మనం మరవకూడదు.

ఆ రెండు నౌకల్లో ఒకటి బ్రిటన్‌కు చెందిన ఫైండ్‌హార్న్. రెండో దాని పేరు వినండి. గోదావరి!

అవును, మన గోదావరే. ఆనాటి రాయల్ ఇండియన్ నేవీ తన యుద్ధనౌకలకు నదుల పేర్లు పెట్టింది. గోదావరి, కృష్ణ, కావేరి, నర్మద. గోదావరి 1943లో ఇంగ్లండులో తయారై భారత నౌకాదళంలో చేరింది. నది సముద్రంలో కలుస్తుందని మనకు తెలుసు. పేరుగా మారి సముద్రం అవతలి అంచుదాకా పోయి వేట ముగించిందని ఎంతమందికి తెలుసు? దేశ విభజనప్పుడు ఆస్తులు పంచుకున్నట్టే నౌకలనూ పంచుకున్నారు. ఆ పంపకంలో గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయింది. అక్కడ సింధ్ అని పేరు మార్చారు. కృష్ణ మన వాటాకు దక్కి, ఎన్నో ఏళ్లు కుర్ర నావికులకు బడిగా పనిచేసింది. గోదావరి పేరు మళ్లీ భారత నౌకకు వచ్చింది 1983 డిసెంబరులో. ఆ ఐ.ఎన్.ఎస్. గోదావరి 2015 డిసెంబరు దాకా సేవ చేసింది.

మళ్లీ షా దగ్గరికి. 1945 ఏప్రిల్ నెలాఖరు. రంగూన్‌ను తిరిగి పట్టడానికి మిత్రరాజ్యాల సైన్యం సముద్రం మీదుగా వెళ్తోంది. పక్క నుంచి జపాన్ వాళ్లు అడ్డం పడకుండా ఒక దండు అండమాన్, నికోబార్ దీవుల మీదికి పోయింది. అందులో షా, ఎంప్రెస్ అనే రెండు కాపలా ఓడలున్నాయి. ఏప్రిల్ 30న కార్ నికోబార్, పోర్ట్ బ్లెయిర్ మీద దాడి జరిగింది. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో ఈనాడు మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడి ఉన్నారు. 1942 మార్చి నుంచి మూడేళ్లకు పైగా ఆ దీవులు జపాన్ చేతిలో ఉండిపోయాయి. అక్కడి జనం ఆకలికీ అనుమానానికీ మధ్య నలిగిపోయారు.

ఆ తర్వాత రెండు వారాలకే వడిసెల తెగింది. మే నెలలో హగురో అనే జపాన్ పెద్ద క్రూజర్ అండమాన్‌లో చిక్కుకున్న తమ సైన్యం కోసం బయల్దేరిందని తెలిసి బ్రిటన్ నావికులు వేటకు పోతున్నారు. సరిగ్గా అప్పుడే షా మీది కెటపల్ట్ పనిచెయ్యడం మానేసింది. గాలి లేదు, వడిసెల లేదు. బరువైన అవెంజర్లు లేవలేవు. అప్పుడు వాళ్లు మన రైతులు చేసే పనే చేశారు. మన మంచె విరిగితే పక్క చేను మంచె ఎక్కుతాం. షా విమానాలు ఎంపరర్ అనే ఇంకో ఓడ మీదికి పోయి, అక్కడి నుంచి ఎగిరాయి. మే 15న రానూపోనూ ఐదు వందల మైళ్లకు పైగా ఎగిరి, హగురోను కనిపెట్టి బాంబులు వేశాయి. ఆ రాత్రి తెల్లవారుజామున మలక్కా జలసంధిలో, పినాంగ్ దగ్గర, ఐదు బ్రిటన్ డిస్ట్రాయర్లు చుట్టుముట్టి హగురోను ముంచాయి. చరిత్ర పుస్తకాల్లో పేరు డిస్ట్రాయర్లకు వచ్చింది. న్యాయమే, వేటు వేసింది అవే. అయితే చీకటి పడకముందే ఎక్కడుందో కళ్లతో చూసి చెప్పింది మంచె ఎక్కినవాళ్లు.

ఇక్కడ ఇంకొక సంగతి. ఈ ఓడల విమానాలు పాడైతే బాగుచేసే పెద్ద స్థావరాలు ఎక్కడున్నాయనుకున్నారు? కోయంబత్తూరులో! సముద్రం కనిపించని పీఠభూమి మీద, పత్తి చేల మధ్య. పీలమేడులోని స్థావరానికి ఓడలకు పెట్టినట్టే హెచ్.ఎం.ఎస్. గరుడ అని పేరు పెట్టారు. మెట్ట నేలకు నౌకాదళంతో ఏం పని అని ఎవరైనా అడిగితే ఈ జవాబు చెప్పండి. ఓడ తిరిగేది నీళ్ల మీదే అయినా, దాన్ని నిలబెట్టేది నేల మీది చేతులే.

1945 ఆగస్టులో యుద్ధం ముగిసింది. అరువు తెచ్చిన వస్తువు తిరిగి ఇచ్చెయ్యాలి. డిసెంబరు 6న షాను అమెరికాకు అప్పగించారు. కాపలాదారుకు ఇక పని లేదు. ఇట్లాంటి ఓడలు చాలావాటిని అమ్మేశారు. సరుకు ఓడ అడుగు మీద కట్టినవే కాబట్టి, పైన పరిచిన రన్‌వే ఊడదీస్తే, మన కాలేజీకి దక్కిన సైనిక భవనాల్లాగే, మళ్లీ మామూలు పనికి వచ్చాయి. 1947లో షాను అమ్మకానికి పెడితే అర్జెంటీనా వాళ్లు కొన్నారు. గదులు, పడకలు కట్టి సాల్టా అని పేరు పెట్టారు. యుద్ధం తిన్న యూరప్ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ దక్షిణ అమెరికాకు పోయే పేదల ఓడ అయింది. వలస అంటే ఏమిటో మన జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు. కరువు ఏడాది బెంగళూరు బస్సు ఎక్కేవాళ్ల మూటలు ఎట్లా ఉంటాయో, ఆ ఓడ ఎక్కినవాళ్ల మూటలూ అట్లాగే ఉండి ఉంటాయి.

ఇప్పుడు అసలు ఘట్టం. 1963 డిసెంబరు 22 రాత్రి. అట్లాంటిక్ సముద్రంలో, మదీరా దీవులకు ఉత్తరాన, లకోనియా అనే గ్రీకు ప్రయాణికుల ఓడ అంటుకుంది. క్రిస్మస్ సరదాకు ఇంగ్లండు నుంచి బయల్దేరిన ఓడ. అందులో 1,022 మంది ఉన్నారు. చాలామంది వయసు మళ్లినవాళ్లు. కొన్ని పడవలు కాలిపోయాయి, కొన్ని సగమే నిండి దిగాయి. ఓడలోని రేడియో మనిషి ప్రమాద సంకేతం పంపుతూనే ఉన్నాడు. ఇక ఈ గదిలో ఉండలేననే దాకా పంపాడు. శ్రోతలారా, రేడియో ముందు కూర్చున్న మీకు ఆ చీకటిలో ఒక గొంతు వినిపించడం, దానికి ఎవరైనా బదులు పలకడం ఎంత పెద్ద మాటో తెలుసు.

ఆ పిలుపు అందుకుని అందరికంటే ముందు అక్కడికి చేరింది సాల్టా. ఇటలీ నుంచి బ్యూనస్ ఎయిరిస్ పోతూ దారి మళ్లించుకుని, తెల్లవారుజామున మూడున్నరకు వచ్చింది. నీళ్లలో తేలుతున్నవాళ్లను, పడవల్లో వణుకుతున్నవాళ్లను పైకి చేదింది. నాలుగు వందల మందికి పైగా ప్రాణాలతో ఆ ఓడ ఎక్కారు. ఆ ప్రమాదంలో 128 మంది చనిపోయారు. సాల్టా రాకపోయి ఉంటే ఆ లెక్క ఎక్కడ ఆగేదో మనం ఊహించుకోవలసిందే. ఇరవై ఏళ్ల కిందట విమానాలను విసిరిన ఓడ మీదనే ఆ రాత్రి దుప్పట్లు కప్పుకుని మనుషులు కూర్చున్నారు.

షా ఎన్ని ఓడలను కాపాడిందో ఎవరూ లెక్క కట్టలేరు. మునగని ఓడకు లెక్క ఉండదు. 1944 ఆగస్టు 12 తర్వాత యు-198 ముంచకుండా మిగిలిపోయిన ఓడలు రేవులు చేరాయి, సరుకు దించాయి, మళ్లీ బయల్దేరాయి. వాటిని నడిపినవాళ్లలో చాలామందికి తమ ప్రాణం మీద ఒక మంచె కాపలా ఉందని కూడా తెలియదు. చివర్లో ఒక్కసారి, ఒకే ఒక్క రాత్రి, ఆ ఓడకు లెక్క దొరికింది. అదీ తుపాకులు దింపేసి, పేరు మార్చుకుని, పేదల ఓడ అయ్యాక.

యుద్ధం గెలిపించిన ఓడలకు ప్రదర్శనశాలలు కట్టారు. షా లాంటి ఎస్కార్ట్ క్యారియర్లకు కట్టలేదు. సాల్టాను 1966లో బ్యూనస్ ఎయిరిస్‌లో విడగొట్టి పాత ఇనుముగా అమ్మేశారు.

ఈసారి శెనక్కాయ బస్తాలు ఇంటికి చేరినప్పుడు, ఎకరాకు ఎన్ని బస్తాలని అడిగిన తర్వాత ఇంకో మాట కూడా అడగండి. మంచె మీద ఎవరు పడుకున్నారని. ఆ పేరు కూడా చెప్పుకోండి.